సముద్రాంతరమునందున్న మన వంశపత్రములు



మన సంఘ వార్షిక మహాసభ సమీపించినప్పుడెల్ల కార్యవర్గమువారు గ్రామగ్రామమునకు వంశవృక్ష పత్రములను పంపుట వాడుక. పూరింపబడి తిరిగివచ్చిన పత్రములను సరిచూచు పని కొన్ని సంవత్సరములుగా మాపై పడుచున్నది. గురజాల, మాచర్ల, కారెంపూడి, నరసరావుపేట ప్రాంతములనుండి వచ్చిన యా పత్రములందు మేము గమనించిన విశేష మొక్కటి కలదు. పైకొనను చూచితిమా, పలనాటి వీరులలో నొకరు నిలిచియుందురు. బ్రహ్మనాయని కొలువునందున్న వారో, బాలచంద్రునితో కార్యమపూడి రణరంగమునకు నడచిన వారో. క్రిందికొనను చూచితిమా, పత్రము నింపిన గృహస్థుని మనుమలుందురు. నడుమ నేడువందల యేండ్లు శూన్యము. పండ్రెండవ శతాబ్దమునాటి మూలపురుషుని పేరు తడుముకొనక వ్రాసిన పెద్దమనిషియే, ముత్తాత తండ్రి పేరేమని యడిగినచో, లోపలినుండి ముసలమ్మను పిలుచును.

ఇది పరిహాసమునకై చెప్పిన మాట గాదు. తర్పణము విడుచునపుడు తండ్రి, తాత, ముత్తాత యని మువ్వురి పేర్లు చాలును. నాల్గవ పురుషుని పేరు జ్ఞాపకముంచుకొనవలసిన యక్కఱ శాస్త్రమే మనకు కలిగింపలేదు. కరణముల లెక్కలు చెదలపాలయ్యెను. తాళపత్రములు కొన్ని యటకలపై మసిబాఱి, కొన్ని కృష్ణలో కలిసిపోయెను. అయినను మనవారి పేర్లు వ్రాయబడిన కాగితములు బొత్తిగా నశింపలేదు. వింత యేమనగా, వానిలో పెక్కు మన దేశమునందు లేవు. కొన్నింటిని పాలకులు కొనిపోయిరి. మఱికొన్ని యోడనెక్కి పోయిన మనవారితోనే పోయినవి. ఈ రెండవ రకమును గూర్చియే ముఖ్యముగా మనవి చేయదలచితిమి. కాని మొదటిదానిని చెప్పక రెండవది చెప్పుట కుదరదు.

స్కాట్లండు దేశపు లూయిస్ ద్వీపమునందు పుట్టి, 1783లో చెన్నపట్టణము చేరిన కాలిన్ మెకంజీ దొర సర్వేయుద్యోగియై దక్షిణాపథమంతయు తిరిగెను. ఆయనకు కన్నులును నాలుకయునైనవారు ఏలూరి కావలి సోదరులు, వెంకట బొఱ్ఱయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొఱ్ఱయ్య 1803లోనే, చిన్న వయస్సున గతించెను. లక్ష్మయ్య యా పనిని సాగించెను. వీరి గుమాస్తాలు గ్రామములకు పోయి, కరణముల యొద్దనున్న దండకవిలెలను చూచియు, దేవాలయముల శాసనములకు ప్రతులు తీసియు, వృద్ధులను విచారించియు వ్రాసిన వృత్తాంతములే కైఫీయతులు. ఊరెట్లు పుట్టినది, చెఱువెవరు త్రవ్వించిరి, కరణీకమెవరి మిరాసి, ఏ నవాబు నాట నే యమలుదారుడు పన్ను పెంచెను, ఈ సంగతులన్నియు వానియందున్నవి. 1821లో దొర కలకత్తాయందు చనిపోగా, ఆయన సంపాదించిన గ్రంథజాలమును కుంపిణీవారు లక్ష రూపాయలకు కొనిరి. 1828లో విల్సను పండితుడు పట్టిక ముద్రించునాటికి స్థానిక వృత్తాంతములు 2,070, శాసన ప్రతులు 8,076 లెక్కకు వచ్చెను. ఆ మొత్తములో కొంత లండనునకు పోయినది. కొంత చెన్నపట్టణమునకు తిరిగివచ్చినది.

పోయినదానిలో కొంతను వెనుకకు రప్పించినవాడు మన వేమన పద్యములను వెదకి ముద్రించిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను. నందన కరవునాడు, అనగా 1832-33లలో, ఆయన గుంటూరుసీమలో నుద్యోగించి, లక్షకు మించిన జనము మడియుట కన్నులార చూచినవాడు. పైవారికి రుచింపకున్నను దానిని కరవనియే వ్రాసెను. పిదప లండనునకు పోయినపుడు ఇండియాహౌసు గ్రంథాలయమునందు దక్షిణదేశపు వ్రాతప్రతులు పట్టించుకొనువారు లేక మూలుగుచుండుట చూచి, రెండువేలకు పైబడిన ప్రతులను చెన్నపట్టణమునకు మరల పంపునట్లు పాలకులను ఒప్పించెను. సముద్రము దాటిపోయిన పత్రములను తిరిగి తెప్పించుకొనుట సాధ్యమా యని సందేహించువారికి, నూట ఎనుబది యేండ్లకు మించిన కాలము క్రిందటనే యొక్కని పట్టుదలచే నది జరిగినదని చెప్పుటకై యీ సంగతి యెత్తితిమి.

లండనునందు మిగిలినవి నేడు బ్రిటిషు లైబ్రరీ యధీనమునందున్నవి. ఇండియా ఆఫీసు రికార్డులు 1982లో దాని క్రిందికి వచ్చెను. చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డు వ్యవహారములకు నకళ్ళు తీసి లండనునకు పంపుట కుంపిణీవారి నియమము. కావున నిచ్చట చెదలు తిన్న కాగితమునకు ప్రతి యచ్చట చెదలంటక యుండవచ్చును. నరసరావుపేట మల్రాజువారి, అమరావతి వాసిరెడ్డివారి జమీందారీల వ్యవహారములును, ఆ సంస్థానములెట్లు చిక్కులపాలయ్యెనో విచారించి 1846లో వాల్టరు ఎల్లియటు వ్రాసిన నివేదికయు నట్టివానిలోనివి. అమెరికా చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గు 1788 మొదలు 1848 వఱకు గుంటూరు మండల చరిత్రను వ్రాసి 1965లో ప్రకటించెను. మన కరణములును శిరస్తాదారులును దొరలకు తెలియకుండ జిల్లాను నడపిన తీరు అందున్నది. తాతల గుట్టును పరదేశీయుని పుస్తకమునుండి మనము తెలిసికొనవలసివచ్చినది!

పలనాటివారు వెదకునపుడు మఱవరాని సంగతి యొకటి. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ వశమయ్యెను. పలనాడట్లు గాదు, అది ఆర్కాటు నవాబునకు చెందియుండి, 1801లో కర్ణాటక రాజ్యముతోపాటు కుంపిణీకి వచ్చెను. కావున నంతకు పూర్వపు పలనాటి కాగితములకై గుంటూరు కట్టలను వెదకుట శ్రమయే గాని ఫలము లేదు. 1859 మొదలు 1904 వఱకు మన తాలూకాలు కృష్ణా జిల్లాలోనివి. 1904లో నేర్పడిన గుంటూరు జిల్లా పేరు అంతకు ముందరి పత్రములలో వెదకువారును, 2022లో నేర్పడిన పల్నాడు జిల్లా పేరు పాత పత్రములలో కానరాదని విసుగుకొనువారును మాకు తారసిల్లినారు.

అయితే యీ లండను పత్రములందు జమీందారులున్నారు, కరణములున్నారు, మిరాసిదారులున్నారు. మెట్ట దున్నుకొని, వానకై యాకసము చూచి బ్రతికిన మన సామాన్యుడు లేడు. ఉన్నను తలల లెక్కలో నొక తల, పన్ను లెక్కలో నొక కొండ్ర. తండ్రి పేరుతో, ఊరి పేరుతో, వయస్సుతో, నుదుటి మచ్చతో సహా యొక నిఱుపేద పలనాటివానిని వ్రాసిపెట్టిన కాగితము కావలెనన్న, వేఱొక సముద్రతీరమునకు పోవలెను.

1860 అక్టోబరులో చెన్నపట్టణపు రేవునుండి ట్రూరో యను నోడ బయలుదేఱి, నవంబరు 16వ తేదీన నేటాలునందలి డర్బను చేరినది. చెఱకుతోటలకు కూలీలను కొనిపోయిన మొదటి యోడ యదియే. నాటినుండి 1911 వఱకు 1,52,184 మంది యట్లు నేటాలు చేరిరి. వారిలో నెక్కువమంది చెన్నపట్టణమున నోడ యెక్కినవారే. మారిషసునకు 1834 మొదలు నాలుగులక్షలకు పైగా పోయిరి. ఫిజీ దీవులకు 1879లో కలకత్తానుండి మొదలై, 1903నుండి చెన్నపట్టణమునుండియు నోడలు పోయెను. గిరిమిటి యని మనవారు వాడిన మాట యైదేండ్ల కూలి యొప్పందమునకు పేరు. విశాఖపట్టణము, గోదావరి సీమలనుండి పోయినవారు విస్తారము. కృష్ణా మండలమునుండి పోయినవారును కలరు. సాగరు కాలువలు రాకపూర్వపు పలనాడెట్టిదో నేటి పిల్లలు ఎఱుగరు. 1876-78ల ధాత కరవునందు చెఱువులెండి, గొడ్లు పడిపోయినపుడు, ఊరిలో నిలుచుటకంటె నోడనెక్కుటయే మేలని తలచిన బీదవానిని మేము నిందింపము.

పోయిన ప్రతిమనుష్యునకు నొక పాసు వ్రాయబడెను. అతని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహమునందలి గుర్తులు. మచ్చ యెచ్చట, పచ్చబొట్టెచ్చట, మశూచికపు గుంట లెచ్చట, అన్నియు వ్రాసిరి. కూలివాడు పారిపోయినచో పట్టుకొనుటకై వ్రాసిన వ్రాతయే యది. ప్రేమతో వ్రాసినది గాదు. కాని మనలో నెవరి ముత్తాత కనుబొమ్మపైని గాయపు మచ్చ యుండెనో మనకు తెలియునా? డర్బనునందలి మునిమనుమనికి తెలియును.

ఈ పత్రములు నేటికిని భద్రముగా నున్నవి. నేటాలు ఓడల పట్టికలు దక్షిణాఫ్రికా రికార్డాఫీసులయందున్నవి. చరిత్రకారులు వానిని కంప్యూటరులోనికెక్కించిరి. మారిషసు పత్రములు మోకాయందలి మహాత్మాగాంధీ సంస్థయొద్ద నున్నవి. వానిని 2015లో యునెస్కోవారు ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చిరి. వానిలో పెక్కింటికి ఛాయాచిత్రములు సహా కలవు. ఫిజీ పాసులు సువా నగరపు నేషనలు ఆర్కైవ్సునందున్నవి. ఆ దేశీయుడే యైన బ్రిజ్ లాలను చరిత్రకారుడు కలకత్తానుండి పోయినవారి 45 వేలకు పైబడిన పాసులను ఒక్కొక్కటిగ చదివి, తన తాతలవంటివారి చరిత్ర వ్రాసెను. బర్మాకు పోయినవారికి ఈ భాగ్యమైనను లేదు. మేస్త్రీల వెంట రంగూను పోయినవారికి పాసులు లేవు, పట్టికలు లేవు. 1942లో అడవులబడి నడచివచ్చుచు నడుమ రాలిపోయినవారి పేర్లను వ్రాసినవారును లేరు.

అయినను ఆ పాసు చేతబట్టుకొని వచ్చినవాడు మన యూరిలో నిలువగలుగుట సులభము గాదు. ఏలయన, కచేరీ గుమాస్తా చెవికి వినబడినట్లు ఇంగిలీషున వ్రాసెను. ఊరి పేర్లు గుర్తింపరానివై యుండును. కులమను గడిలో పెక్కింట జెంటూ యని యుండును. అది తెలుగువారికి దొరలు పెట్టిన పేరు గాని కులము గాదు. అన్నిటికంటె పెద్ద కొఱత యింటిపేరు లేకుండుట. మనయూళ్ళలో మనుష్యుని పట్టుకొనునది యింటిపేరే గదా! అచ్చట నాయుడు, రెడ్డి మొదలగు బిరుదులే యింటిపేర్లై కూర్చున్నవి.

కొన్ని యేండ్ల క్రిందట గురజాల సీమలోని యొక గ్రామమునకు దక్షిణాఫ్రికానుండి యొక కుటుంబము వచ్చెను. ఊరి పేరు, ఇంటి పేరు వ్రాయుట మర్యాద గాదు. తండ్రి, ఇద్దఱు కుమార్తెలు. తెలుగు నాలుగైదు మాటలు మాత్రము వచ్చును. వారి చేతిలో నోడపట్టిక నకలు. అందు వారి పూర్వుని పేరు, తండ్రి పేరు, ఊరు, పలనాడు తాలూకా యని స్పష్టముగా నున్నవి. రచ్చబండ యొద్ద పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న, “మీ యింటిపేరేమి నాయనా?” యని. ఆయన “నాయుడు” అనెను. “అది యింటిపేరు కాదు గదా” యని వీరు. మరల నడిగిరి, మరల నదే యుత్తరువు. పెద్ద కుమార్తె కన్నుల నీరు పెట్టుకొనెను. మేము దుబాసీగ నుంటిమి.

మార్గము చూపినవాడు వంశరాజు. పిచ్చిగుంటలవారని తక్కువచూపుతో ననుట మన పాపము. మన గోత్రములను వంశములను తరతరములుగ నోటనుంచుకొని, పలనాటి వీరుల కథ పాడి బ్రతికినవారు వీరు. కబురంపగా నొక వృద్ధుడు వచ్చి, ఆ యూరి యిండ్లను వరుసగ చదువనారంభించెను. ఒక యింటివద్ద పాసులోని తండ్రిపేరు వచ్చెను. అతనికి కొడుకులు ముగ్గురు. ఇద్దఱి సంతతి నేటికిని గ్రామమునందున్నది. మూడవవాని పేరు పాసులోని పేరే. “దేశాల పోయినాడు, సంతు లేదు” అని వృద్ధుడు చదివెను. సంతు ఆయన యెదుటనే నిలుచుండెను.

అంతట కథ సుఖాంతమైనదని తలంపవలదు. పొలమునందు భాగమడుగుటకు వచ్చినారేమో యని ఆ యింటివారు ఆ రాత్రి నిద్రపోలేదు. పండ్రెండేండ్లు దాటిన స్వాధీనమునకు కాలపరిమితి చట్టము అండగా నున్నదనియు, నూఱేండ్లు దాటిన పిదప నెవడును రాజాలడనియు మేము చెప్పితిమి. వచ్చినవారు కోరినది రెండే: తాత పుట్టిన చోట తర్పణము విడుచుట, ఇంటిపేరు తెలిసికొనుట. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుట యాచారమేనని పురోహితుడు సంకల్పము చెప్పబోగా, వృద్ధుడైన వంశరాజే అడ్డుపడి, ఈయన గోత్రము నాకు తెలియునని చెప్పెను.

వారు వెడలిపోయిరి. కాని మన సంఘ వంశావళియందు వారి శాఖను చేర్చవలయునా యను ప్రశ్న నాటినుండి తేలలేదు. అది తీర్మానరూపమున నీ మహాసభ యెదుటకు వచ్చుచున్నది. కాదను పెద్దల యుక్తులు రెండు. సముద్రము దాటినవాడు పతితుడనుట యొకటి. అచ్చట వివాహములు కులమెంచి జరుగలేదనుట రెండవది.

మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక మొదటిదానికి ప్రమాణమును మేమే చెప్పెదము. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనీయములలో చేర్చినమాట నిజము. అదే గ్రంథము సముద్రయానమును ఔత్తరాహుల యాచారములలో నొకటిగ పేర్కొని, ఏ దేశాచారము నా దేశమునందు ప్రమాణమను వాదమునుకూడ నెత్తినది. పాఠకులు రెండును చూడవలెను. మఱియు నీ సంచిక ముందు పుటలలో అమెరికా, ఆస్ట్రేలియాలయందున్న మన పిల్లల ఛాయాపటములను మనమే గర్వముతో ముద్రించుచున్నాము. వారు దాటినదియు సముద్రమే గదా! విమానమున దాటినవానికి పూలమాలయు, ఓడ యడుగున పడియుండి దాటినవానికి పాతిత్యమును విధించు సూత్రము మేము చదివిన గ్రంథములందు కానరాలేదు. అతడు చేసిన దోషము కూలివాడై పోవుట యైనచో, ఆ మాట తిన్నగా ననుట మేలు.

రెండవదానిలో కొంత నిజము కలదు. ఓడలలో స్త్రీలు తక్కువ. తోటలయందు ఎవరికెవరు దొరికిన వారితో సంసారములు సాగినవి. నేటాలునందు కూలీల వివాహములను ప్రొటెక్టరు కచేరీయే నమోదుచేసెను. ఇందు దాచవలసినదేమియు లేదు. అయితే మన వంశావళి వివాహయోగ్యతల పట్టిక గాదు. ఎవరికి ఎవరు పుట్టిరో చెప్పు చరిత్ర. ఏడువందల యేండ్ల శూన్యమునకు పైన బ్రహ్మనాయుని కొలువును ప్రమాణములేక నిలిపిన మనము, తండ్రిపేరుతో నూరిపేరుతో సర్కారు మొహరుతో వచ్చిన కాగితమును ప్రమాణము చాలదనుట న్యాయమగునా? పైగా బ్రహ్మనాయని చాపకూటి కథను ప్రతి కార్తికమునందును కారెంపూడి వీరారాధనకు పోయి వినివచ్చువారమే మనము.

కార్యవర్గమువారికి మా మనవి. ఇట్టి యుత్తరములు ఇకముందు పెక్కు వచ్చును. 2024 మార్చిలో మన రాష్ట్రపతి మారిషసునకు పోయినపుడు, అచ్చటి భారతసంతతివారిలో నేడవతరమువారు సహా ఓ.సి.ఐ. కార్డునకు అర్హులని ప్రకటించిరి. కార్డునకై పూర్వుని పత్రము వెదకువారు, పిదప పూర్వుని యూరు వెదకుట సహజము. వారికి మన వైపునుండి కావలసినది గ్రామవారీగా నింటిపేర్ల పట్టిక. ఒక్కొక్క యింట 1860కిని 1911కిని నడుమ నున్న పురుషుల పేర్లు. ఇనాము రిజిష్టర్లు, రీసెటిల్‌మెంటు లెక్కలు, చెన్నపట్టణమున ఎగ్మూరునందలి రికార్డాఫీసు కాగితములు, కాశీ గయా పండాల పుస్తకములందు మన యాత్రికులు చేసిన వ్రాళ్ళు, ఇవన్నియు నక్కఱకు వచ్చును. అన్నిటికంటె ముందు వంశరాజుల నోటిపాఠమును వ్రాసికొనుడు. వారిలో వృద్ధులు కొలదిమందియే మిగిలియున్నారు. వారికి సంభావన యిచ్చుటలో లోభము తగదు.

ఇక మన యింటినుండి పోయినవానిని మనమే వెదకగోరినచో కొన్ని సంగతులు. నేటాలునందును మారిషసునందును ప్రతివానికి నొక సంఖ్య కలదు; అది దొరకెనా, మిగిలినవి దొరకును. సంఖ్య తెలియనిచో పేరు, తండ్రి పేరు, సుమారు సంవత్సరము పంపవలెను. జిల్లా గడిలో 1904కు ముందు కృష్ణా, తాలూకా గడిలో పలనాడు లేక నరసరావుపేట వెదకుడు. మాచర్ల తాలూకా యని వెదకినచో దొరకదు. నాటికి మాచర్ల పలనాడు తాలూకాలోనిదే. ఒక్క పేరునే పలువిధముల ఇంగిలీషున వ్రాసి చూడవలెను. వెంకయ్యకు నాలుగైదు వ్రాతలైనను కలవు. లండను పత్రములకు సహనము మఱింత కావలెను. 2023 అక్టోబరులో బ్రిటిషు లైబ్రరీ కంప్యూటరులపై దుండగులు దాడిచేయగా, మేము కోరిన కైఫీయతు సంఖ్యకు ప్రత్యుత్తరము చాలకాలము రాలేదు.

మహాసభ రెండవదినమున భోజనానంతరము వంశపత్రముల విభాగమువారు పందిరికి ఉత్తరపు ప్రక్కన కూర్చుందురు. దేశాల పోయినాడు, సంతు లేదు అని ఏ యింటియందైనను చెప్పుకొను తాత యున్నచో, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, పోయిన కరవు సంవత్సరము వ్రాసి తెండు. పాత దస్తావేజులున్నచో నకళ్ళు చాలును. అసలు కాగితములు మాకీయవలదు.